ఒకే పరీక్ష, మూడు పద్దులు: సైనికుల వార్షిక వైద్య తనిఖీపై ఒక సమీక్ష

సైన్యంలో చేరేటప్పుడు జరిగే వైద్య పరీక్ష గురించి మన ఊళ్లలో తెలియనివారు తక్కువ. ఛాతీ కొలత, చదునుపాదాలు, కంటిచూపు, చెవిలో గులిమి... రిక్రూట్‌మెంట్ ర్యాలీకి కుర్రాణ్ని పంపిన ప్రతి ఇంట్లోనూ వినబడే మాటలే ఇవి. చేరిన తరువాత ఏటా జరిగే పరీక్ష గురించి మాత్రం బయట చర్చ చాలా తక్కువ. నిజానికి సైనికుడి జీవితాన్ని ఎక్కువగా మలిచేది ఈ రెండోదే. ఏ పోస్టింగుకు పంపుతారు, ప్రమోషన్ వస్తుందా రాదా, ఏ వయసులో ఇంటికి తిరిగొస్తాడు, వచ్చేటప్పుడు చేతికి ఎంత పెన్షన్ వస్తుంది అన్నవాటిలో చాలావరకు ఆ కాగితం మీది అక్షరాలు, అంకెల మీదే ఆధారపడి ఉంటాయి.

కొన్నేళ్లుగా ఈ పరీక్ష చుట్టూ వివాదాలు ముసురుకుంటున్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు, రక్షణ శాఖ కొత్త నిబంధనలు, కాగ్ అభ్యంతరాలు, మాజీ సైనికుల ఆందోళనలు ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డాయి. ఇవన్నీ ఒకేచోట పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఒకే పరీక్ష చేత మూడు పనులు చేయిస్తున్నారు. జబ్బును ముందుగా పసిగట్టడం ఒకటి. దళంలో ఎంతమంది ఎక్కడికి పనికొస్తారో లెక్కగట్టడం రెండోది. రేపటి పరిహారానికి సాక్ష్యం సిద్ధం చేయడం మూడోది. వాదులాడుకునేవారిలో ఒక్కొక్కరి దృష్టిలో ఒక్కో పని ఉంది. అందుకే ఒకరి మాట ఒకరికి అందడం లేదు.

ఎక్కడ మొదలైంది

సైనికుడి ఆరోగ్యంపై ప్రభుత్వాలకు శ్రద్ధ కలిగింది దయతో కాదు, నష్టం లెక్క చూసుకున్నాక. భారతదేశంలోని సైన్యం ఆరోగ్య స్థితిపై నియమించిన బ్రిటిష్ రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని అందులో తేలింది. వాళ్లను ఎక్కువగా బలిగొన్నవి జ్వరాలు, కలరా, రక్తవిరేచనాలు. బారకాసుల గాలి, నీరు, మురుగు గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్ గట్టిగా పోరాడింది ఆ కాలంలోనే. సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. దాని వెనక ఉన్నదీ ఈ బెంగే. మలేరియా అప్పట్లో కంటోన్మెంట్లను ఖాళీ చేస్తుండేది.

ఆ కాలపు తనిఖీకి ఒక చీకటి కోణం ఉంది. సుఖవ్యాధుల కోసం సైనికులను వరసలో నిలబెట్టి చూడటం వాళ్ల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని బ్రిటిష్ సైన్యం ఆ పద్ధతి మానుకుంది. మానుకుని, కంటోన్మెంట్ల చుట్టూ బతికే స్త్రీలను చట్టబలంతో బలవంతపు పరీక్షలకు గురిచేసింది. 1868 నాటి ఆ చట్టం రద్దయ్యేసరికి ఇరవయ్యేళ్లు పట్టింది. ఎవరి శరీరాన్ని ఎవరి లాభం కోసం పరీక్షిస్తున్నారు అన్న ప్రశ్న పుట్టిన చోటు అదే.

ఏటేటా పరీక్ష అనే ఆలోచనకు ఊపు తెచ్చినవాడు అమెరికా అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్. బల్లల వెనక కూర్చుని బొజ్జలు పెంచిన అధికారులను చూసి విసిగి, ఆర్మీ అధికారులకు మూడు రోజుల్లో 90 మైళ్ల గుర్రపు స్వారీ, నౌకాదళం వారికి 50 మైళ్ల నడక తప్పనిసరి చేశాడు. నిబంధన క్రూరంగా ఉందని గొణుగుళ్లు వినబడగానే 1909 జనవరిలో తానే దాదాపు నూరు మైళ్లు ఒక్కరోజులో స్వారీ చేసి చూపించాడు. ఆ తరువాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా సైన్యం ‘పల్‌హెమ్స్’ అనే పద్ధతి తెచ్చింది. మనిషి మొత్తాన్ని పనికొస్తాడు, పనికిరాడు అని రెండు ముక్కల్లో తేల్చేయకుండా, ఒక్కో అవయవ వ్యవస్థకు ఒక్కో అంకె ఇవ్వడం దాని ప్రత్యేకత. బ్రిటన్, అమెరికా దాన్నే తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. మన ‘షేప్’ పద్ధతిదీ ఆ కుదురే.

షేప్ చెప్పేది, చెప్పనిది

ఇంగ్లిష్ అక్షరాలు అయిదు: ఎస్ అంటే మానసిక స్థితి, హెచ్ వినికిడి, ఎ కాళ్లూ చేతులూ, పి శరీర సామర్థ్యం, ఇ చూపు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె పడుతుంది. అన్నిటా ఒకటి వస్తే షేప్-1, ఎక్కడికైనా పంపవచ్చు. రక్తపోటుకు మందులు మొదలుపెడితే పి దగ్గర అంకె మారవచ్చు, ఎత్తైన ప్రాంతాల పోస్టింగుకు అడ్డు పడవచ్చు. అయిదు పడితే సర్వీసు ముగిసినట్టే. నౌకాదళం తీరానికి, నౌకకు విడివిడిగా కేటగిరీలు ఇస్తుంది. వైమానిక దళం గాలిలో పనికి, నేల మీద పనికి వేర్వేరుగా ఇస్తుంది.

యూనిట్ వైద్యాధికారి ఎం.ఐ. (మెడికల్ ఇన్‌స్పెక్షన్) రూములో ఏటా చేసే పరీక్షలో బరువు, బీపీ, మూత్రం, రక్తం, పళ్లు, చూపు, వినికిడి చూస్తారు. నిర్ణీత వయసులు వచ్చినప్పుడు మరింత లోతైన పరీక్ష ఉంటుంది. లోపం కనబడితే ముందు తాత్కాలిక లో మెడికల్ కేటగిరీ ఇస్తారు. దాని గడువు ఒక విడతకు 24 వారాలకు మించదు. ఆపైన మళ్లీ వైద్య బోర్డు. తగ్గకపోతే శాశ్వత కేటగిరీ.

ఈ పద్ధతిలో మేలు ఉంది. ఒక చెవి మందగించిన సిగ్నల్‌మ్యాన్‌ను ఇంటికి పంపేయకుండా వేరే పనిలో ఉంచుకునే వీలు దీనివల్లే వచ్చింది. ఆ వేరే పనినే సైన్యంలో షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ అంటారు. ఇబ్బంది ఎక్కడంటే, అలాంటి చోటు ఖాళీ ఉందో లేదో చెప్పేది కమాండింగ్ అధికారి. లేదంటే జవాను ఇంటికే. ఇలా బయటికి పంపేటప్పుడు, సర్వీసుకు పనికిరాడని తేల్చే ఇన్వాలిడేషన్ బోర్డు లేకుండా పంపడం చెల్లదని రాజ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2008 నవంబరులో తేల్చింది. అతనిది గుండెజబ్బు. అప్పటికే అదే దారిలో ఇళ్లకు చేరిన శాశ్వత లో కేటగిరీ సైనికుల వ్యాజ్యాలకు ఆ తీర్పు దారి తీసింది.

ఏటా చూస్తే జబ్బు తగ్గుతుందా?

వైద్యశాస్త్రంలోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. కాక్రేన్ సంస్థ కోసం డెన్మార్క్ పరిశోధకులు 2012లో ప్రచురించిన సమీక్ష 1,82,000 మందికి పైగా పెద్దల వివరాలను జల్లెడపట్టింది. లక్షణాలేవీ లేనివారికి సాధారణ ఆరోగ్య తనిఖీలు చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని తేల్చింది. దీన్ని ఆధారం చేసుకున్నవారి వాదన ఇది: వార్షిక పరీక్ష కొత్త రోగుల ముద్రలు వేస్తుంది, అనవసర మందులు రాయిస్తుంది, ప్రాణాలు మాత్రం నిలపదు.

అవతలి పక్షం చేతిలో ఉన్న సాక్ష్యం మరింత భయపెట్టేది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి చూసిన వైద్యులు 1953లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల సగటు వయసు 22. నూటికి 77 మందిలో గుండె రక్తనాళాల జబ్బు అప్పటికే కళ్లకు కనబడేలా ఉంది. ఎంపిక పరీక్షలన్నీ దాటినవాళ్లు, కొండలెక్కి పోరాడినవాళ్లు వాళ్లు. 2001 నుంచి 2011 మధ్య మరణించిన అమెరికన్ సైనికులపై ఇలాంటి అధ్యయనమే చేస్తే ఆ సంఖ్య 8.5 శాతానికి దిగింది. పొగాకు తగ్గడం, రక్తపోటు, కొలెస్టరాల్‌పై నిఘా పెరగడం వంటివి దీనికి కారణాలు కావచ్చు. వార్షిక పరీక్ష వాటా ఎంతో ఈ అంకెలు విడదీసి చెప్పవు.

నా దృష్టిలో కాక్రేన్ ఫలితాన్ని సైన్యానికి యథాతథంగా అంటగట్టడం సరికాదు. ఆ అధ్యయనాల్లోనివారు ఇంట్లో, ఆఫీసులో బతికే మామూలు మనుషులు. అక్కడ కనబడని లోపం సియాచిన్‌లో ప్రాణం తీస్తుంది. 1962 యుద్ధకాలంలో హఠాత్తుగా ఎత్తులకు తరలించిన 1,925 మంది భారత సైనికుల వివరాలతో ఇందర్ సింగ్ బృందం 1969లో ప్రచురించిన పరిశోధన ప్రపంచమంతటా పర్వత వైద్యానికి పునాది రాళ్లలో ఒకటి. ఎత్తుకు అలవాటు చేయడానికి మన సైన్యం పాటించే మూడు దశల పద్ధతి, అంటే ఆరు రోజులు, తరువాత నాలుగు, ఆపైన మరో నాలుగు, ఇలాంటి అనుభవాల నుంచే రూపుదిద్దుకుంది. అలాంటి చోటికి మనిషిని పంపే ముందు అతని గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఎలా ఉన్నాయో చూడకపోవడం నేరం. అయితే ఇది కొండెక్కే ముందు చేయాల్సిన పరీక్షకు సమర్థన అవుతుంది. మైదానంలోని డిపోలో పనిచేసే ముప్పయ్యేళ్ల గుమాస్తాకూ, పదాతిదళ జవానుకూ, పైలట్‌కూ ఒకే జాబితాతో పరీక్ష ఎందుకన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

చెప్పుకుంటే నష్టం

పరీక్ష ఎంత మంచిదైనా, ఎదుటి మనిషి నిజం చెబితేనే దానికి విలువ. సైనికుడికి నిజం చెప్పడం ఖరీదైన వ్యవహారం. తలనొప్పి వస్తోందంటే పైలట్ నేలకు దిగాల్సిందే. నిద్ర పట్టడం లేదంటే ఎస్ అంకె మారుతుంది. ఆ అంకె మారితే తోటివారి చూపు కూడా మారుతుంది.

ఇది ఊహ కాదు. 2008లో ఇరాక్ నుంచి తిరిగొచ్చిన ఒక అమెరికన్ బ్రిగేడ్ సైనికులకు మామూలు ఆరోగ్య ప్రశ్నావళి ఇచ్చారు. ఆ తరువాత పేర్లు రాయనక్కరలేని సర్వే పెట్టారు. కుంగుబాటు, యుద్ధానంతర మానసిక వేదన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయని చెప్పినవారు రెండో సర్వేలో రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగారు. ప్రశ్నించే వైద్యుడే కేటగిరీ మార్చగలిగినప్పుడు, అతని ఎదుట నోరు ఇలాగే మూసుకుపోతుంది. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన పదివేల మందికి పైగా బ్రిటిష్ సైనికులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. తిరిగొచ్చాక మానసిక ఆరోగ్య తనిఖీ చేసి సలహా ఇచ్చిన దళాల్లో జబ్బూ తగ్గలేదు, వైద్యుడి దగ్గరికి వెళ్లేవారి సంఖ్యా పెరగలేదు.

తనిఖీ వల్ల లాభం లేదని ఈ ఫలితాల నుంచి కొందరు తీర్మానిస్తారు. నేను ఒప్పుకోను. చికిత్స కోసం చేసే సంభాషణను, ఉద్యోగార్హత తేల్చే సంభాషణను ఒకే గదిలో, ఒకే మనిషి చేత చేయిస్తే ఏమవుతుందో అవి చెబుతున్నాయి.

పెన్షన్ పద్దు

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కుపడిన ముడి. సర్వీసు చివర జరిగే బోర్డులో సైనికుడి జబ్బుకు మూడు జవాబుల్లో ఒకటి పడుతుంది. సేవ వల్ల వచ్చింది, సేవ వల్ల ముదిరింది, రెండూ కాదు. మూడోది పడితే డిజెబిలిటీ పెన్షన్ లేదు.

ధరంవీర్ సింగ్ కేసు ఇక్కడ మైలురాయి. మూర్ఛవ్యాధితో బయటికి వచ్చిన ఈ సైనికుడి విషయంలో సుప్రీంకోర్టు 2013 జులైలో ఒక సూత్రం స్థిరపరిచింది. చేరేటప్పుడు నువ్వే పరీక్షించి బాగున్నాడని తీసుకున్నావు. ఆ రోజు కాగితం మీద జబ్బు రాయలేదు. తరువాత వచ్చినదానికి సేవే కారణమని భావించాలి, కాదంటే కారణాలు నువ్వే చూపాలి. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసు వచ్చింది. మామూలుగా రిటైరైన లో కేటగిరీ వారికి కూడా అంగవైకల్య శాతాన్ని పైకి సర్దే ప్రయోజనం దక్కింది. 20 శాతం ఉంటే 50గా లెక్కిస్తారు. నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున ఇచ్చే ఈ మొత్తం, 50గా సర్దితే 15 శాతం అవుతుంది. దీనిపై ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండేది. అనారోగ్యంతో సర్వీసు మధ్యలోనే పంపేసిన వారికే ఆ మినహాయింపు వర్తిస్తుందని 2019 జూన్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటించడంతో గొడవ వీధికెక్కింది.

ఈ నేపథ్యంలో 2023లో కాగ్ నివేదిక వచ్చింది. ఏటా రిటైరవుతున్న అధికారుల్లో సుమారు 40 శాతం, అధికారేతర సిబ్బందిలో సుమారు 18 శాతం డిజెబిలిటీ పెన్షన్ పొందుతున్నారని, జీవనశైలి జబ్బులైన రక్తపోటు, మధుమేహం అందులో పెద్ద భాగమని అది ఎత్తిచూపింది. అదే ఏడాది సెప్టెంబరు 21 నుంచి రక్షణ శాఖ కొత్త అర్హతా నిబంధనలు తెచ్చింది. మామూలుగా సర్వీసు పూర్తిచేసే వారికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే కొత్త పేరు వచ్చింది. సైనికుడికి ఉన్న అనుకూల భావనను ఈ నిబంధనలు నీరుగార్చాయన్నది మాజీ సైనికుల ఆరోపణ. దుర్వినియోగాన్ని ఆపి, నిజంగా గాయపడినవారికి న్యాయం చేయడానికే అన్నది ప్రభుత్వ సమాధానం.

రెండు పక్షాల మాటలోనూ బలముంది. ఏసీ గదిలో ముప్పయ్యేళ్లు గడిపిన సీనియర్ అధికారి మధుమేహానికీ, మంచులో వేళ్లు పోగొట్టుకున్న సిపాయి నష్టానికీ ఒకే పద్దు వాడటం సిపాయికి అవమానమే. అయితే 40, 18 అనే అంకెలను పక్కపక్కన పెట్టి అధికారులంతా మోసగాళ్లన్నట్టు మాట్లాడటం కూడా తప్పు. జవానుల్లో చాలామంది నలభైకి అటూ ఇటుగా బయటికి వస్తారు, అధికారులు యాభై దాటాక. వయసు సర్దుబాటు చేయకుండా ఈ పోలిక నిలబడదు. ఇంకో కోణం కూడా ఉంది. ఏ కాగితం ఎప్పుడు రాయించుకోవాలో అధికారికి తెలిసినంతగా సిపాయికి తెలియదు. 18 శాతం అన్నది జవాన్ల ఆరోగ్యానికి కొలతా, వాళ్ల తెలియనితనానికి కొలతా?

కోర్టులు మాత్రం వెనక్కి తగ్గలేదు. కారణాలు రాయని బోర్డు అభిప్రాయం నిలవదని సుప్రీంకోర్టు 2025 మేలో ఒక స్కిజోఫ్రీనియా కేసులో మళ్లీ చెప్పింది. ఎయిడ్స్ అని తప్పుగా నిర్ధారించి 2001లో ఇంటికి పంపేసిన ఒక సైనికుడికి 2024 మార్చిలో 50 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మధ్యలో గడిచిన ఇరవై మూడేళ్లు ఎవరిస్తారు? 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ నియమించిన నిపుణుల కమిటీ ఈ వ్యాజ్యాలను తగ్గించడానికి చాలా సూచనలు చేసింది. అయినా సైనిక ట్రిబ్యునళ్ల ముందు వైకల్య పెన్షన్ కేసుల రద్దీ తగ్గలేదు. తెలుగు రాష్ట్రాల సైనికుడికి ఆ ట్రిబ్యునల్ ప్రాంతీయ బెంచ్ చెన్నైలో ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి అక్కడికి పోయిరావడమే ఒక భారం.

మహిళా అధికారులు, కాలం తప్పిన కొలత

రిటైర్మెంటు దాకా కొనసాగే శాశ్వత కమిషన్ కోసం మహిళా అధికారులు వేసిన నితీశ కేసులో 2021 మార్చి 25న వచ్చిన తీర్పు ఈ చర్చకు కొత్త చూపునిచ్చింది. పురుష అధికారులను శాశ్వత కమిషన్ కోసం సర్వీసులో అయిదో, పదో ఏట పరీక్షించేవారు. మహిళలకు ఆ అవకాశమే చాలాకాలం ఇవ్వలేదు. 2020లో బబితా పునియా తీర్పు తరువాత ఇవ్వాల్సి వచ్చేసరికి ఎంతోమంది నలభైల్లో ఉన్నారు. అప్పుడు వాళ్లముందు అదే షేప్-1 ప్రమాణం పెట్టారు. తోటి మగ అధికారులు ఆ వయసుకు లో కేటగిరీలో ఉన్నా ఉద్యోగాల్లో కొనసాగుతున్నారు. కొలత తప్పు కాదు, దాన్ని వాడిన సమయం తప్పు, పరోక్ష వివక్ష అంటే ఇదేనని ధర్మాసనం తేల్చింది. సర్వీసు అయిదో, పదో ఏట వాళ్లెలా ఉన్నారో దాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఆదేశించింది. ‘అందరికీ ఒకే ప్రమాణం’ అనే మాటను ఇంత సూటిగా పరీక్షకు పెట్టిన తీర్పు సైనిక వైద్య చర్చలో మరొకటి లేదు.

బయటి సైన్యాల దారులు

అమెరికా చాలా ఏళ్లకోసారి చేసే పూర్తి శరీర పరీక్షను వదిలి, ఏటా చేసే ఆరోగ్య అంచనాకు మళ్లింది. ప్రశ్నావళి ముందు, అవసరమైతేనే వైద్యుడు. మోహరింపు నుంచి వచ్చాక వెంటనే ఒకసారి, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇంకోసారి అడుగుతారు, కొన్ని బాధలు ఇల్లు చేరిన తరువాతే బయటపడతాయి కాబట్టి. ఉద్యోగానికి పనికొస్తాడా అన్నది సైన్యం తేలుస్తుంది. పరిహార శాతాన్ని మాజీ సైనికుల శాఖ తేలుస్తుంది. బ్రిటన్‌లో పాత అంకెలకు తోడు, పూర్తిగా మోహరించదగినవారు, పరిమితంగా మోహరించదగినవారు, మోహరించరానివారు అనే మూడు వర్గాలున్నాయి. కమాండర్‌కు జబ్బు పేరు అక్కరలేదు, ఆ వర్గం తెలిస్తే చాలు. మన దగ్గర మూడు పద్దులూ ఒకే వైద్య విభాగం చేతిలో ఉన్నాయి. అమెరికా తీరు లోపం లేనిది కాదు, అక్కడి అర్జీలూ ఏళ్లతరబడి నలుగుతాయి. అయినా పరిహారం నిర్ణయించే చేయి వేరుగా ఉండాలన్న సూత్రం మనం తీసుకోదగినది.

తేలనివి

ఉద్యోగాన్ని బట్టి పరీక్ష మార్చాలా అన్నది తేలలేదు. మానసిక బాధను కేటగిరీ భయం లేకుండా చెప్పుకునే చోటు యూనిట్‌లోనే ఉండాలా, బయట ఉండాలా అన్నదీ తేలలేదు. బరువు సంగతి కూడా అంతే. భారతీయుల శరీరాల్లో తక్కువ బరువుకే కొవ్వు, మధుమేహం ముప్పు ఎక్కువని వైద్యులకు తెలుసు, పట్టిక గీత ఎక్కడ గీయాలన్నదే వివాదం.

అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న ప్రశ్న నాలుగేళ్ల సర్వీసుకు చేరే అగ్నివీరులది. తొలి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్ ఏఓసీ సెంటర్ అందులో ఉన్నవే. నాలుగేళ్లు నిండాక నూటికి 25 మంది వరకే రెగ్యులర్ సర్వీసులోకి వెళ్తారు. సేవ వల్ల కలిగిన వైకల్యానికి 100, 75, 50 శాతాలను బట్టి 44, 25, 15 లక్షల రూపాయల ఏకమొత్తం ఉంది. పెన్షన్ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం లేదు. ధరంవీర్ సింగ్ సూత్రం నిలబడాలంటే ప్రవేశ పరీక్ష పక్కాగా ఉండాలి, ఏటేటా రాసిన కాగితాలు జవాను చేతికీ ఒక నకలుగా అందాలి. నాలుగేళ్లలో మోకాలు అరిగిన కుర్రాడికి, ఫిరంగి మోతకు చెవి దెబ్బతిన్న కుర్రాడికి ఆ నష్టం తక్కువే అని బోర్డు రాస్తే చేతికొచ్చేదీ తక్కువే. ఇరవై ఏడో ఏట అది 50 శాతమైతే అతన్ని మళ్లీ పరీక్షించేది ఎవరు, ఏ నిబంధన కింద, ఏ ఆసుపత్రిలో అన్నదానికి ఇప్పుడే జవాబు రాసిపెట్టాలి.